జిగురు పట్టేదాకా

గంటసేపు ముట్టుకోవద్దని జిగురు డబ్బా మీద రాసి ఉంది. గంటసేపు దేన్నీ ముట్టుకోకుండా కూర్చోవడం డెబ్భై రెండేళ్ళలో నోవహు వల్ల ఒక్కసారీ కాలేదు, చర్చిలో ప్రసంగం సాగుతున్నా ఆయన వేళ్ళు ముందు బెంచీ అతుకుల్ని తడుముతూనే ఉండేవి. అయినా ఇవాళ కూర్చోవాలి. పదకొండుంబావుకి బల్ల చెక్కలకి జిగురు రాసి క్లాంపులు బిగించాడు, పన్నెండుంబావుకి విప్పుతాడు, పన్నెండున్నరకల్లా లోపలి గదిలో చక్రాల కుర్చీలో ఉన్న భార్య ప్రేమకుమారి ముందు ఈ బల్ల ఉండాలి, బల్ల మీద పళ్ళెం ఉండాలి, పళ్ళెంలో అన్నం ఉండాలి, ఆ అన్నం ఆవిడ తినాలి. మొదటి మూడూ ఆయన చేతిలో పనులే. నాలుగోది ఆవిడ చేతిలో ఉంది.

ఆర్.కె. పురం క్వార్టర్లో వెనక వరండా ఎంత వెడల్పు, రెండు మంచాలు పక్కపక్కన వేస్తే మూడోదానికి చోటుండదు. అందులోనే ఆయన రంపాలూ ఉలులూ చిత్రికా, అందులోనే వాషింగ్ మెషీనూ, అందులోనే కూతురు అనుగ్రహ నర్సు చెప్పులు. సెప్టెంబరు వాన సన్నగా పడుతోంది, ఇనప కటకటాల్లోంచి తుంపర లోపలికి కొడుతోంది, బల్ల మీద ప్లాస్టిక్ సంచీ కప్పాడు, కప్పి, తీసి, చూసి, మళ్ళీ కప్పాడు. పై అంతస్తు బాల్కనీలోంచి జనార్దనరావు గారు తల వంచి, "నోవహు గారూ, ఓడ ఎంతదాకా వచ్చిందండీ? వాన మొదలైంది, మాకు రెండు సీట్లు ఉంచండేం" అన్నాడు. పదేళ్ళుగా వాన పడ్డప్పుడల్లా బైబిల్లో నోవహు ఓడ మీద అదే మాట, సెక్రటేరియట్‌లో పనిచేసి రిటైరైన మనిషి, ఒక ఫైలు తెరిస్తే మూయడు. "జంటగా రావాలండీ, మీ ఆవిడ మీతో వస్తానంటే చూద్దాం" అన్నాడు నోవహు, అదీ పదేళ్ళ నాటి జవాబే. పైన నవ్వు వినిపించింది. తరవాత కాస్త ఆగి, గొంతు తగ్గించి, "సిస్టర్ గారు ఏమన్నా తిన్నారా?" అని వినిపించింది. నోవహు తల అడ్డంగా ఊపాడు, పైనించి కనిపించిందో లేదో.

ప్రేమకుమారి తినడం మానేసి పన్నెండు రోజులు. అంటే బొత్తిగా కాదు, పూటకి మూడు చెంచాలు, ఒక్కోసారి నాలుగు, ఆ తరవాత పెదాలు బిగిసిపోతాయి, ఈ క్లాంపులే నయం, మర తిప్పితే వదులవుతాయి. మింగడం బాగానే ఉంది, అది కష్టం కాదు, తినిపించుకోవడం కష్టం. ముప్ఫై ఎనిమిదేళ్ళు వార్డులో ఎందరి నోళ్ళకో చెంచా అందించిన చెయ్యి ఆవిడది, తన నోటికి ఇంకొకరి చెంచా వస్తే మొహం అటు తిప్పేసుకుంటుంది. మేలో ఆ పొద్దున, ఇదే వరండాలో, తడి దుప్పటి ఆరేస్తూ ఆగిపోయింది. కింద పడుతుందేమోనని ఆయన పరిగెత్తితే, పడుతున్న మనిషి, నోరు ఒక పక్కకి జారుతున్న మనిషి, "టైమ్ చూడండి... రాయండి" అంది. భార్య పక్షవాతంతో ఒళ్ళో వాలుతుంటే ఏ మొగుడైనా దేవుణ్ణి పిలుస్తాడు, ఈయన చెవి మీదున్న పెన్సిలు తీసి గోడ మీద ఎనిమిదీ నలభై అని రాశాడు. ఆ అంకె చూసే పెద్దాసుపత్రిలో, వేళ దాటితే వెయ్యకూడని సూది మందు వేశారుట, అది రాయకపోతే మనిషి దక్కేది కాదన్నారు. దక్కింది. మాట విరిగిపోయి ముక్కలు ముక్కలుగా వస్తోంది, కుడి కాలు లేవదు, కుడి చెయ్యి మాత్రం మణికట్టు దగ్గర కొంచెం కొంచెం కదులుతోంది గానీ వేళ్ళకి స్పర్శ లేదు.

స్పర్శ చూడ్డానికి వారానికి రెండుసార్లు ఎల్సా వస్తుంది, ఫిజియోథెరపీ పిల్ల, కాకినాడ వాళ్ళమ్మాయే గానీ పుట్టింది ఇక్కడే. దూది తీసి వేలి కొస మీద రాస్తుంది. "ఆంటీ, కళ్ళు మూసుకోండి. తెలుస్తోందా?" లేదని తల ఊపుతుంది ప్రేమకుమారి. "ఇక్కడ?" లేదు. "ఇప్పుడు?" లేదు. పక్కన నిలబడి చూసే నోవహుకి ఒళ్ళు మండుకొచ్చేది, ఒక్కసారి, ఒక్క వేలికి, తెలుస్తోందని అనకూడదా ఈవిడ, ఎవరు అడగొచ్చారు. తనైతే మొదటి రోజే తెలుస్తోందనేవాడు, దూది రంగు కూడా చెప్పేవాడు, అది గుంటూరు దూదో ఆదిలాబాదు దూదో కూడా చెప్పేవాడు. ఆవిడకి అబద్ధం రాదు. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆయన నేర్పడానికి చెయ్యని ప్రయత్నం లేదు.

"లెఫ్ట్ హ్యాండ్‌తో స్పూన్ అలవాటు చేసుకోండి ఆంటీ" అంది ఎల్సా. ఆ మాటకి ఆవిడ చూసిన చూపు! రాత్రి డ్యూటీలో నిద్రపోయిన ట్రైనీ నర్సుల్ని చూసే చూపు. ఎడం చేత్తో అన్నమా. అప్పుడే ఎల్సా ఇంకో మాట చెప్పింది, ఎడం చెయ్యి వద్దంటే కుడి చెయ్యే, కానీ మోచెయ్యి ఆనడానికి సరిగ్గా ఎత్తుకి బల్ల కావాలి, చెయ్యంతా లేపక్కర్లేకుండా మణికట్టు మడిస్తే నోరు అందాలి, కుర్చీ చేతులు బల్ల కిందకి దూరాలి. ఇంట్లో భోజనాల బల్లకి కుర్చీ చేతులు తగిలి ఆగిపోతాయి, ఆవిడకీ పళ్ళేనికీ మధ్య మూరెడు దూరం. సెక్టారు మార్కెట్లో వడ్రంగిని పిలిస్తే ప్లైవుడ్డు ముక్క తెచ్చి "అంకల్‌జీ, చార్ కీల్ మార్ దేంగే, బస్" అన్నాడు. నాలుగు మేకులు కొట్టేస్తాడుట. నోవహు వాడికి టీ ఇచ్చి పంపించేశాడు. మేకులు కొట్టిన బల్ల మీద ప్రేమకుమారి ఏ పని చేసినా చేస్తుంది, అన్నం మాత్రం తినదు.

చెక్క ఉంది. నిరుడు కోత పండుగకి చర్చి వాళ్ళు పాత బెంచీలు తీసేసి ఇనప కుర్చీలు వేయించారు, గుమ్మడికాయలతో పాటు బెంచీల్నీ వేలానికి పెట్టారు. మూడో వరస బెంచీ పాటకి రాగానే నోవహు చెయ్యెత్తాడు, ఇంకెవరూ ఎత్తలేదు, అయినా ఊరుకోకుండా తన పాట మీద తనే రెండుసార్లు పెంచుకున్నాడు, పాస్టరు గారు సుత్తి కొట్టడం మర్చిపోయి నవ్వాడు. ప్రేమకుమారి మాత్రం నవ్వలేదు. "ఎక్కడ పెడతారు దీన్ని? మీ నెత్తి మీదా?" అంది ఆటోలో, బెంచీ సగం బయటకి వేలాడుతుంటే. తిట్టు తిట్టే, చెయ్యి మాత్రం దారంతా ఆ బెంచీని పట్టుకునే ఉంది, జారిపోకుండా. ముప్ఫై ఏళ్ళు వాళ్ళు కూర్చున్న బెంచీ, ఆవిడ కిటికీ వైపు, ఆయన నడవ వైపు, మధ్యలో అనుగ్రహ. బర్మా టేకు. కూర్చునే చెక్కలు రెండు, వీపు ఆనించే చెక్కలు రెండు, నాలుగూ అంచుకి అంచు చేరిస్తే సరిగ్గా బల్లకి పైచెక్క. చేర్చడమే ఎలా. పూర్వం అయితే నాన్న చేసినట్టు ఒక చెక్కకి నాలుక, ఇంకో చెక్కకి నోరు చెక్కి దిగగొట్టేవాడు, కానీ ఇప్పుడు ఉలి పట్టుకుంటే చెయ్యి సన్నగా వణుకుతోంది, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో ఇద్దరు నర్సులుంటే చెప్పాలా.

అందుకే కీర్తినగర్ వెళ్ళాడు, మెట్రోలో నిలబడి, జేబులో టేకు ముక్క పెట్టుకుని. పరికరాల కొట్టు కుర్రాడు మూడు రకాలు ముందు పెట్టాడు. ఇది మేకు లాంటి చెక్క పుల్లలకి బెజ్జాలు వేసేది, బెజ్జం వెంట్రుకవాసి పక్కకి పోయినా పుల్ల దిగదు, వణికే చేతికి పనికిరాదు. ఇది గ్రైండరుకి తగిలించే తొడుగు, చవక, కానీ ఆనించే రేకు లొటలొటలాడుతోంది, పెళ్ళివారి ముందు కూర్చోపెట్టిన పిల్లాడిలా ఒక చోట నిలవదు. చివరిది బిస్కెట్ జాయినరు. "అంకల్‌జీ, దీంట్లో బ్లేడు లోపలే ఉంటుంది, తోస్తేనే బయటికొస్తుంది, వదిలితే లోపలికి పోతుంది" అన్నాడు కుర్రాడు హిందీలో. పిల్లి గోరు లాగన్నమాట. నోవహు దాని రేకు పట్టుకుని ఊపి చూశాడు, మూలమట్టం పెట్టి చూశాడు, స్ప్రింగు నొక్కి వదిలి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, కొట్టువాడు సుత్తి ఇస్తే కొట్టి కూడా చూసేవాడే. జేబులోంచి టేకు ముక్క తీసి, "ఒక గంటు కొట్టు" అన్నాడు. కుర్రాడు చెక్క అంచుకి ఆనించి తోశాడు, జుయ్‌మని అర్ధచంద్రం లాంటి సన్నటి గంటు పడింది. ఆ గంట్లో పెట్టేదే బిస్కెట్, చిన్న పడవ ఆకారంలో నొక్కేసిన చెక్క ముక్క. దీని గొప్పతనం ఏమిటంటే గంటు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది, పక్కలకి జరగడానికి చోటిస్తుంది, జిగురు తడి తగలగానే లోపల ఉబ్బి రెండు చెక్కల్నీ కరిచి పట్టేసుకుంటుంది, ఇక దేవదూతలొచ్చి లాగినా రాదు. కొన్నాడు. అనుగ్రహ బిస్కెట్ల పొట్లాన్ని బియ్యం డబ్బాలో చూసి "యే క్యా హై డాడీ!" అని అరిచింది. వాన తేమకి ముందుగానే ఉబ్బిపోతే గంట్లో దిగవు, బియ్యంలో పెడితే తేమ పీల్చవు. "మీ మమ్మీకి కొత్త రకం పుల్లట్లు" అన్నాడు. లోపల కుర్చీలో ఒక పక్క పెదవి కదిలింది, ఆ నెలలో అదొక్కటే నవ్వు.

పదకొండూ నలభై. ఇంకా ముప్ఫై అయిదు నిమిషాలు. జిగురు అంచుల్లోంచి ముత్యాల్లా పైకి పొంగింది, ఆరక ముందే తుడవాలి, తడిగుడ్డ తీసుకుని ప్లాస్టిక్ సంచీ ఎత్తి, మొదటి అతుకు మీద వేలు పెట్టి లాగాడు, నున్నగా పోయింది. రెండో అతుకు. వేలు ఆగింది. మళ్ళీ లాగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని మళ్ళీ లాగాడు, వేలికి కళ్ళజోడు ఎందుకో. మూడో చెక్క మిగతావాటికంటే గోరు మందం పైకి ఉంది. అటువైపు అతుకు దగ్గరా అంతే, అక్కడ దిగింది. ఒక మెట్టు ఎక్కి, ఒక మెట్టు దిగి. ఎలా? అన్ని చెక్కలకీ ఒకే ముఖం పైకి పెట్టి గంట్లు కొట్టాడు, ముఖానికి పెన్సిలుతో గుర్తు కూడా పెట్టాడు, గంటు చెక్క మందానికి సరిగ్గా సగంలో పడకపోయినా ఫరవాలేదు, అన్నిటికీ ఒకే ముఖం నించి కొలత అయితే అన్నీ కలుస్తాయి, ఏ ఒక్కటి తిరగేసినా ఆ కాస్త తేడా రెట్టింపవుతుంది, ఇది తనకి తెలీదా, పన్నెండో ఏట నాన్న చేతి బెత్తంతో నేర్చుకున్నాడు. తిరగేశాడు. అవును. జిగురు రాసేముందు, ఆఖరి నిమిషంలో, మూడో చెక్కని తిరగేశాడు.

కోడిపిల్లల కోసం. మూడో చెక్క బెంచీలో కూర్చునే చెక్క. ఉపవాస ప్రార్థన రోజు అందరూ మోకాళ్ళూని, బెంచీ మీద మోచేతులు పెట్టుకుని, మొహాలు చేతుల్లో దాచుకుంటే, ఆరేళ్ళ అనుగ్రహ తల పిన్ను తీసి చెక్క మీద కోడిపిల్లల్ని గీసింది, వరసగా ఏడు. ప్రేమకుమారి చూసి కూతురి తొడ మీద ఒక్కటి గిల్లింది, పిన్ను లాక్కుంది. ప్రార్థన సాగింది, రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవారి కోసం, దేశ నాయకుల కోసం, ఎంతకీ ఆమేన్ రాదు. నోవహు వేళ్ళ సందుల్లోంచి చూస్తే, ఆసుపత్రి మొత్తం గడగడలాడే సిస్టర్ ప్రేమకుమారి, కళ్ళు సగం మూసుకుని, ఆ పిన్నుతో ఏడో కోడిపిల్లకి కాళ్ళు పెడుతోంది. పిల్ల మర్చిపోయింది కాళ్ళు. ఆ సంగతి ఆయన ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, లేనివి వెయ్యి చెప్పాడు గానీ ఉన్న ఇదొక్కటీ దాచుకున్నాడు. ఇవాళ జిగురు డబ్బా మూత తీశాక ఆ ముఖం పైకి కనిపించింది, రేపు బల్ల నున్నగా చెయ్యాలంటే చిత్రిక పట్టాలి, చిత్రిక పడితే ఏడు కోడిపిల్లలూ సుడులు తిరిగి కిందపడతాయి. చెయ్యి దానంతట అదే చెక్కని తిప్పేసింది, కోళ్ళు కిందకి, బోడి ముఖం పైకి. గుర్తు సంగతి చేతికి గుర్తు రాలేదు.

ఇప్పుడు ఊడదీస్తే? సుత్తికి గుడ్డ చుట్టి కింద నించి కొడితే? ఇరవై అయిదు నిమిషాలైంది, లోపల బిస్కెట్లు ఉబ్బి ఉంటాయి, కొడితే అతుకు కాదు చెక్క చీలుతుంది. ఊడినా మళ్ళీ గంట్లు, మళ్ళీ జిగురు, మళ్ళీ గంట, భోజనం వేళ దాటిపోతుంది. ఫోను మోగింది. అనుగ్రహ, గుర్‌గావ్ ఆసుపత్రి నించి, వెనక ఏదో మిషను పీప్ పీప్ అంటోంది. "డాడీ, మమ్మీ నే కుఛ్ ఖాయా? ఏమన్నా తిందా?" "బల్ల అయిపోతోందమ్మా." "టేబుల్ ఛోడియే డాడీ. నేను డాక్టరుతో మాట్లాడాను. ఈ పూట కూడా తినకపోతే సాయంత్రం తీసుకెళ్దాం, ట్యూబ్ వేసేద్దాం. ఐ కాంట్ వాచ్ దిస్." చివర్లో గొంతు పగిలింది, నర్సు గొంతు కాదు, పిన్ను లాక్కున్నప్పటి పిల్ల గొంతు. "ఈ ఒక్క పూట చూడు తల్లీ." "ఆప్ హమేషా యహీ కహతే హో" అని, ఎప్పుడూ ఇదే మాటని విసుక్కుని పెట్టేసింది. ముక్కులోంచి గొట్టం. ఎన్ని గొట్టాలు వేసిందో ప్రేమకుమారి, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఒకరోజు అంది, గొట్టం పెట్టాక ఉప్పు సరిపోయిందా అని ఎవరూ అడగరండీ అని. నిన్న సాయంత్రం గొట్టం మాట విని, పది నిమిషాలు తన్నుకులాడి మూడు ముక్కలు బయట పెట్టింది. "బల్ల. నా చెయ్యి. నేనే." అంతకంటే పెద్ద ప్రసంగం ఏ చర్చిలోనూ వినలేదు నోవహు. ఆ బల్లకి ఇప్పుడు మెట్లు. ఆవిడ వార్డులో మంచం దుప్పటికి ముడత ఉంటే మళ్ళీ వేయించేది.

సుత్తి తీశాడు. పెట్టేశాడు. వాన పెరిగింది. కింద మోకాళ్ళ మీద కూర్చుని తల వంచి బల్ల అడుగున చూశాడు, ఎవరన్నా చూస్తే ముసలాడు ప్రార్థన చేసుకుంటున్నాడనుకుంటారు. ఏడూ ఉన్నాయి. ఏడోదాని కాళ్ళు మిగతావాటికంటే పొడుగ్గా, తిన్నగా ఉన్నాయి, ఆసుపత్రి ఛార్టులో గీత గీసినట్టు.

పన్నెండుంబావుకి క్లాంపులు విప్పాడు. రోజంతా ఆగితే గానీ బరువు వెయ్యకూడదు, కానీ అన్నం పళ్ళెం బరువెంత. ముందే చేసి ఉంచిన కాళ్ళ చట్రం మీద పైచెక్క పెట్టి నాలుగు మరలు బిగించి, గదిలోకి మోసుకెళ్ళాడు, మోస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు, మాట ఆపితే మొహం చూస్తుందని భయం. "జరగండి సిస్టరు గారూ, దారివ్వండి, టేకు రథం వస్తోంది." కుర్చీ చేతులు బల్ల కిందకి దూరాయి. ముద్దపప్పు, నెయ్యి, మెత్తటి అన్నం, పళ్ళెం పెట్టాడు. ఆవిడ ఎడం చేత్తో కుడి చేతిని ఎత్తి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు బల్ల అంచు మీద పెట్టింది. మోచెయ్యి సరిగ్గా ఆనింది. చెయ్యి మెల్లగా ముందుకి పాకింది, పళ్ళెం వైపు, మొదటి చెక్క, రెండో చెక్క.

ఆగింది.

"ఏవిటి?" అంది.

"ఏదీ ఏవిటి? ఏమీ లేదే! అద్దం లాగుంది. ఇందాక ఒక చీమ దీని మీద నడవబోయి జారిపడి నడుం విరగ్గొట్టుకుంది, పాపం, జనార్దనరావు గారి ఇంటికి మోసుకుపోయారు."

ఆవిడ ఆయన వంక చూడలేదు. కళ్ళు మూసుకుంది. వేలు వెనక్కి వచ్చింది, మళ్ళీ ముందుకి వెళ్ళింది, దూది తెలియని ఆ చూపుడు వేలి కొస అంచుకి తగిలి ఆగి, వణికి, ఎక్కింది. "మెట్టు" అంది. నోవహు నోట్లో తయారుగా ఉన్న రెండో కథ అక్కడే ఉండిపోయింది. వేలు మూడో చెక్క మీద పాకింది, అటువైపు అంచు దాకా వెళ్ళింది, జారింది. "ఇంకోటి" అంది, కళ్ళు తెరవకుండానే. "దిగింది." కళ్ళు తెరిచి తన వేలిని చూసుకుంది, అది ఎవరిదో తెచ్చి అక్కడ పెట్టినట్టు. తరవాత ఆయన్ని చూసింది.

"అవును" అన్నాడు నోవహు. "తప్పు చేశాను. చెక్క తిరగేశాను." ఇంత సంతోషంగా ఏ తప్పూ ఒప్పుకోలేదు, తడిగుడ్డతో మొహం తుడుచుకున్నాడు, జిగురు గుడ్డ, మీసానికి అంటుకుంది. ఆవిడ ఒక పక్క పెదవి పైకి లేచింది. చెయ్యి మెట్టు దాటి పళ్ళెం అంచు పట్టుకుంది. అన్నంలో వేళ్ళు దిగాయి, పప్పు ముద్ద పట్టుకున్నాయి, వదిలేశాయి, పట్టుకున్నాయి. మణికట్టు మడిచింది. సగం ఒళ్ళో పడింది. ఆయన చెయ్యి దానంతట అదే ముందుకి వెళ్ళింది.

"చూడకండి" అంది ప్రేమకుమారి.

గిరుక్కున గోడ వైపు తిరిగాడు. గోడ మీద క్యాలెండరు, క్యాలెండరులో సెప్టెంబరు, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. వెనక పళ్ళెం జరిగిన చప్పుడు, ఏదో కింద పడిన చప్పుడు, చేతి గాజు బల్లకి తగిలిన చప్పుడు, తరవాత ఏ చప్పుడూ లేదు. వాన. తిరగకూడదు. తిరిగితే చూసినట్టే. చేతులు రెండూ చంకల్లో బిగించుకున్నాడు. ఈ నిశ్శబ్దం భరించడం ఆయన వల్ల కాదు, అందుకని క్యాలెండరుతో మొదలుపెట్టాడు, "మా తాత చేసిన తలుపు సంగతి నీకు చెప్పానా, గాలివానకి ద్వారబంధంతో సహా ఊడి, గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే గోదావరి దాటిపోయిందిట, అవతలి ఒడ్డున తలుపు లేని ఇంటికి వెళ్ళి సరిగ్గా అమరిందిట, లోపలివాళ్ళు బయటికి రాలేక మా తాతకి ఉత్తరం రాసి..."

వెనక నించి తిట్టు వినిపించింది. తిట్టే, అందులో సందేహం లేదు, ఆ ఊపు ఆయనకి నలభై ఏడేళ్ళుగా తెలుసు. మాట మాత్రం ఒక్కటీ తెలియలేదు. నోటి నిండా అన్నం ఉంది.